పద్నాలుగో నంబరు బండి అద్దం

ఆదివారాల్లో మొదటి ట్రిప్పు పదకొండింటికి. వాసిల్ పెట్రునాక్ మాత్రం తొమ్మిదింటికే షెడ్డుకు వచ్చేవాడు. చేతిలో చిన్న సుత్తితో పద్నాలుగో నంబరు బండి చుట్టూ తిరిగి ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి, తల పక్కకు వంచి, కాసేపు ఆగి తర్వాతి చక్రం దగ్గరికి వెళ్లేవాడు. బ్రేకు కట్టెలు చూసేవాడు. పట్టాల మీద చల్లే ఇసుక పెట్టెలో ఉందో లేదో చేయి పెట్టి చూసేవాడు. పైనున్న కరెంటు తీగను తాకే పొడవాటి గడనూ, దాన్ని కిందికి లాగే తాడునూ పట్టి పట్టి పరీక్షించేవాడు. ఆ పని చూడటం కోసం నేనూ తొమ్మిదింటికే వచ్చేదాన్ని. అడిగితే బస్సు ఆ వేళకే ఉందని చెప్పేదాన్ని.

మా మ్యూజియంలో ఎవరికీ జీతం లేదు. ట్రాములని కూడా అనే పాత ట్రాలీ బండ్లు ఐదు, రెండు మైళ్ల పట్టాలు, చివర్లో చెట్ల మధ్య భోజనాల బల్లలు. అంతా సెలవు రోజుల్లో వచ్చి పనిచేసే మనుషులే. మిగతా రోజుల్లో నేను ఊరి వృద్ధాశ్రమం లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాను. అమ్మకు జబ్బు చేసిన ఏడాది పదకొండో తరగతి మధ్యలో బడి మానేశాను, మళ్లీ వెళ్లలేదు. ట్రాలీలో కండక్టరుగా చేరినప్పుడు, నలుగురిలో నోరు విప్పలేని దాన్ని ఈ పని ఎలా చేస్తానని అందరూ అనుకున్నారు. ఇంకో డ్రైవరు చెట్ కొవాలిక్ మొదటి రోజే అనేశాడు.

"ఈ పిల్ల కన్నా ఆ గంటే నయం. కనీసం లాగితే పలుకుతుంది."

వాసిల్ నవ్వలేదు. "నీ కండక్టర్లు వాగీ వాగీ ఎన్ని స్టాపులు దాటించారో చెప్పమంటావా?" అన్నాడు. ఆ తర్వాత నన్ను తన బండికే వేయించుకున్నాడు.

ఆ బండి ఆయనకు మ్యూజియం వస్తువు కాదు. వాళ్ల నాన్న దాన్ని నడిపేవాడు. అప్పట్లో లైను ఊళ్లోంచి సీసాల ఫ్యాక్టరీ దాకా ఉండేది. వాసిల్‌కు పదమూడేళ్లప్పుడు లైను ఎత్తేశారు. చక్రాలు ఊడదీసి, బండి డొక్కును ఎవరో రైతు కొనుక్కుని కోళ్లు పెంచుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత మ్యూజియం వాళ్లు దాన్ని మోసుకొచ్చినప్పుడు, లోపల గట్టిపడిపోయిన కోళ్ల రెట్టను గోకడానికి వచ్చిన మొదటి మనిషి ఆయనే. మళ్లీ పట్టాలెక్కించడానికి పదకొండేళ్లు పట్టింది. కిటికీల పైన వంపుగా ఉండే చట్రాల్లో పెట్టే పాత సబ్బు ప్రకటనలు, టీ పొడి ప్రకటనలు కూడా పాత ఫొటోలు చూసి ఆయనే అట్టల మీద గీశాడు.

మిగతా జీవితమంతా సీసాల ఫ్యాక్టరీలో గడిచింది. ముప్ఫై తొమ్మిదేళ్లు మిషన్ల హాలులోనే. అక్కడ పక్కవాడి చెవిలో అరిచినా వినపడేది కాదట. అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారట. భోజనానికి వెళ్దామా, ఫోర్‌మన్ వస్తున్నాడు, నీ మిషను సీసాలు పగలగొడుతోంది, అన్నీ చేతులతోనే.

"మా ఆవిడతో పోట్లాట కూడా చేతులతోనే మొదలుపెట్టేవాణ్ణి, అలవాటు కొద్దీ," అని ఒకసారి చెప్పాడు. "ఆవిడ మాత్రం నోటితోనే సమాధానం చెప్పేది. ఎక్కువ మార్కులు ఆవిడకే."

నాకు పని నేర్పింది కూడా చేతులతోనే. గడను తీగ మీదికి ఎక్కించేటప్పుడు నేను తాడు వైపు చూస్తుంటే, నా గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తేవాడు. తీగను చూడు అని దానర్థం. మధ్యాహ్నం తన డబ్బాలోంచి వెల్లుల్లి సాసేజ్ పెట్టిన రొట్టె సగం విరిచి నా వైపు తోసేవాడు. తిను అనేవాడు కాదు.

మా పనిలో అన్నిటికన్నా పెద్ద విషయం గంట. ప్రతి మార్చిలో మా పర్యవేక్షకుడు గ్లెన్ షూమన్ భోజనాల గదిలో అందరినీ కూర్చోబెట్టి నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పైకి చదువుతాడు. గంట దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసి, చూడకుండా చెబుతాడు. జనం ఎక్కేది, దిగేది వెనక తలుపు నుంచి. డ్రైవరు ముందు ఉంటాడు. వెనక మెట్టు మీద ఎవరి కాలుందో ఆయనకు కనపడదు. కండక్టరు కప్పు వెంట వేలాడే తాడు లాగితే డ్రైవరు తల దగ్గర ఇత్తడి గంట మోగుతుంది. ఒకసారి మోగితే వచ్చే స్టాపులో ఆపాలి. రెండుసార్లు మోగితే కదలాలి. మూడుసార్లు మోగితే వెనక్కి. గంట మోగకుండా చక్రం తిరగకూడదు.

"సందేహం వస్తే?" అని గ్లెన్ అడుగుతాడు.

"కదలకూడదు," అని అందరం బడిపిల్లల్లా అంటాం. వాసిల్ గొంతే అందరికన్నా పెద్దగా వినిపించేది.

నేను చేరిన రెండో వేసవి, జూలైలో ఒక ఆదివారం, వంతెన దగ్గర స్టాపులో జనం ఎక్కారు. నేను చేయెత్తి తాడు రెండుసార్లు లాగాను. చేతికి బరువే తగల్లేదు. మధ్యలో ఎక్కడో కొక్కెం ఊడి తాడు వదులైపోయింది. గంట మోగలేదు. ఇంకోసారి చూద్దామని చేయెత్తబోతుంటే బండి కదిలింది.

నేను అలాగే నిలబడిపోయాను. ముందు వాసిల్ వీపు, టోపీ, ఆయన తల పైన ఒక చిన్న అద్దం. వెనక కూర్చున్న వాళ్లు కనపడటానికి పాతకాలంలో పెట్టిన అద్దం అది. అందులో ఆయన కళ్లు ఒక్కసారి నా మీద ఆగి మళ్లీ పట్టాల మీదికి వెళ్లాయి. ఆయనకు గంట వినపడటం లేదు, నా చేయి చూస్తున్నాడు అని అప్పుడు తెలిసింది.

షెడ్డుకు వచ్చాక తాడు ఊడిందని మాత్రం చెప్పాను. ఆయన నిచ్చెన వేసుకుని కొక్కెం బిగించాడు. "ఎప్పుడు ఊడిందో," అన్నాడు.

తర్వాతి ఆదివారం చూస్తే ఆ అద్దం కాస్త పక్కకు తిరిగి ఉంది, సరిగ్గా నేను నిలబడే చోటు కనపడేలా. నాకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైంది, ఎవరికీ చెప్పవద్దని ఇలా అడుగుతున్నాడు అనుకున్నాను. అప్పటినుంచి తాడు లాగేటప్పుడు మోచేయి బాగా పైకెత్తి, నెమ్మదిగా, రెండు లాగుళ్లూ విడివిడిగా తెలిసేలా లాగేదాన్ని. జనం మధ్యలో అడ్డంగా నిలబడితే పక్కకు జరగమనేదాన్ని. అంత ధైర్యం నాకు ఇంకే పనిలోనూ లేదు.

ఏటా ఏప్రిల్‌లో గ్లెన్ పలకకు కాగితం బిగించుకుని ఒక్కొక్క డ్రైవరు వెనకా కూర్చుని పరీక్ష చేస్తాడు. ఆ జూలై తర్వాత రెండేళ్లూ వాసిల్ పరీక్షకు కండక్టర్ని నేనే. రెండేళ్లూ ఆయనకు ఒక్క మార్కు పోలేదు. ఆరోగ్యం కాగితం మీద వాళ్ల డాక్టరు సంతకం ఉండేది. ఆ డాక్టరు ఈయన కన్నా పెద్దవాడని, ఇద్దరూ చేపల గురించి మాట్లాడుకుని వచ్చేస్తారని చెట్ అనేవాడు.

నాకు భయం వేయలేదని చెప్పను. కొన్ని రోజులు లాండ్రీలో దుప్పటి మడత సగంలో ఆపి, వేరే కండక్టరు ఆ బండి ఎక్కితే ఏమవుతుందా అని ఆలోచించేదాన్ని. ఆ ఆలోచన అంతకన్నా ముందుకు పోనిచ్చేదాన్ని కాదు. చేతిలోంచి బండి తీసేస్తే ఆ మనిషికి ఆదివారం అనేదే ఉండదు. అది నాకు తెలుసు.

అలా రెండేళ్లు దాటాక, అక్టోబరు రెండో ఆదివారం పొద్దున్నుంచీ సన్నగా వాన. బండిలో పట్టుమని పదిమంది లేరు. మిసెస్ ఓల్‌షెస్కీ అనే ముసలావిడ జుట్టు తడవకుండా ప్లాస్టిక్ కవరు కట్టుకుని, చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఒకప్పుడు ఫ్యాక్టరీలో సీసాలు పెట్టెల్లో సర్దిన మనిషి. ఎక్కక ముందే చుట్టూ తిరిగి ముందుకు వెళ్లి వాసిల్‌ను పలకరించింది.

"ఏం వాసిల్, ఇంకా పోలేదా నువ్వు?"

"నిన్ను దింపేసి పోదామని ఆగా," అన్నాడు, ఆవిడ పెదవులనే చూస్తూ.

"చల్లగా నడుపు నాయనా. నా ఎముకలు నీ సీసాల్లాంటివే."

చివరి స్టాపులో, పట్టాలు చుట్టు తిరిగి ఊరి వైపు మళ్లే చెట్ల దగ్గర, బండి ఆగింది. చెల్లెలు ముందు దిగి గొడుగు విప్పింది. ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక కాలు కింది మెట్టు మీద పెట్టింది. నేను ఆవిడ పాదాన్నే చూస్తూ ఉండాలి. అదే నా పని. సరిగ్గా అప్పుడు, తడికి మెత్తబడిన సబ్బు ప్రకటన అట్ట ఒకటి నా తల పైన చట్రంలోంచి జారి, కింద కూర్చున్నాయన మీదికి వంగింది. వాసిల్ చేత్తో గీసిన అట్ట అది. నేను అటు తిరిగి, చేయెత్తి, దాన్ని లోపలికి నెట్టాను. మళ్లీ జారింది. మళ్లీ నెట్టాను. గంట తాడు ఆ అట్టకు జానెడు దూరంలో ఉంటుంది.

బండి కదిలింది.

కేక కూడా పెద్దగా వినపడలేదు. నేను తాడు ఒక్కసారి లాగాను, మళ్లీ మళ్లీ లాగాను. బండి ఆగలేదు. ఎవరో కిటికీ బాదారు. అప్పుడు ఆయన అద్దంలో చూసి బ్రేకు వేశాడు. నాలుగడుగులు కూడా పోలేదు. ఆవిడ తడి రాళ్ల మీద పక్కకు ఒరిగి పడి ఉంది. ఒక బూటు మెట్టు మీదే ఉండిపోయింది. తుంటి ఎముక విరిగింది.

వాసిల్ పరిగెత్తుకొచ్చి, తన కోటు విప్పి ఆవిడ మీద కప్పి, అంబులెన్సు వచ్చేదాకా వానలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆవిడ ఆయన చేయి పట్టుకుని ఏదో అంటూనే ఉంది. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు.

అలాంటిది జరిగితే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బండిలో పనిచేసిన వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడకుండా, వేరువేరు గదుల్లో కూర్చుని, జరిగింది రాసి ఇచ్చాకే ఇంటికి వెళ్లాలి. గ్లెన్ నాకు టికెట్ల గది చూపించాడు. నడవాలో వాసిల్ ఎదురొచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. గ్లెన్ వెనక నుంచి "వాస్, మాట్లాడొద్దు," అన్నాడు. ఆయన ఆగలేదు. నా భుజం మీద చేయి వేశాడు.

"పిల్లా, విను. ఇది ఎవరికైనా జరుగుతుంది. మెట్టు చూసుకోకుండా రెండు కొట్టావు, అంతే. ఒక ఏడాది నిన్ను పక్కన పెడతారు. పెట్టనీ. ఆ తర్వాత నేనే మళ్లీ మొదటి నుంచి నేర్పుతా."

నేను తల వంచుకుని, "నేను కొట్టలేదు," అన్నాను.

"సరే, సరే. ఏడవకు," అన్నాడు.

నన్ను ఓదారుస్తున్నాడు ఆయన. అబద్ధం ఆడమనటం లేదు. నా మీదికి తోసేయటమూ లేదు. నేను రెండుసార్లు గంట కొట్టానని నిజంగా నమ్ముతున్నాడు. ఇద్దరి మధ్యా ఏదో ఒప్పందం ఉందని రెండేళ్లుగా నేననుకున్నది నేను ఒక్కదాన్ని చేసుకున్న ఒప్పందమని ఆ నడవాలో తెలిసింది. అద్దం తిప్పడం కూడా, చేతులు చూసి చూసి అలవాటైన మనిషి తనకు తెలియకుండా చేసిన పనే. తన చెవుల సంగతి ఆయనకు తెలియనే తెలియదు.

కాగితం మీద పేరు, తేదీ, బండి నంబరు. కింద ఒక గడి: గంట ఎన్నిసార్లు కొట్టారు?

రెండు అని రాస్తే తప్పంతా నాది. నన్ను పక్కన పెడతారు. పోయేదేమీ పెద్దగా లేదు. ఆయన వచ్చే ఆదివారం తొమ్మిదింటికి సుత్తి పట్టుకుని వస్తాడు. వెనక ఇంకెవరో నిలబడతారు. వాళ్లు జుట్టు సర్దుకోవడానికి చేయెత్తుతారు. లేదా చేయి కిందికి పెట్టి తాడు లాగుతారు. సున్నా అని రాస్తే ఆయన ఇక బండి ఎక్కడు. ముందు రెండు అని రాశాను. టికెట్ల గది కిటికీలోంచి చూస్తే, ఎవరో మెట్టు మీద బూటు తీసి ప్లాట్‌ఫాం బెంచీ మీద పెట్టారు. చిన్న బూటు. చాలాసేపు దాన్నే చూశాను. ఆ తర్వాత రాసిన రెండును అడ్డగీత పెట్టి కొట్టేసి పక్కన సున్నా వేశాను. కింద చోటు చాలక వెనక వైపు కూడా రాశాను, జూలైలో ఊడిన కొక్కెం దగ్గర నుంచి.

గ్లెన్ నిలబడే చదివాడు. వెనక వైపుకు వచ్చేసరికి కూర్చున్నాడు.

"రెండేళ్లా, రోవీనా?"

"అవునండీ."

"నా పరీక్షల్లో కూడా?"

"అవును."

"రెండేళ్లు ఆ బండిలో నువ్వు పిల్లల్ని ఎక్కించావు," అన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

వాసిల్ మాత్రం కోప్పడ్డాడు. తన చెవులకు ఏమీ కాలేదని, ఆ పిల్ల భయపడి ఏదో రాసిందని, కావాలంటే పరీక్ష పెట్టుకోమని తనే అన్నాడు. తర్వాతి శనివారం పద్నాలుగో నంబరు బండిని షెడ్డు ముందు నిలబెట్టారు. గడ తీగ నుంచి దించేసి ఉంది, బండి కదిలే అవకాశం లేదు. వాసిల్ ముందు తన చోట నిలబడ్డాడు. ఆయన దగ్గర చెట్. వెనక తాడు దగ్గర గ్లెన్, పక్కన నేను. నన్ను ఎందుకు రమ్మన్నారో నాకు తెలియలేదు. రాకుండా ఉండటానికి నాకు హక్కు లేదనిపించింది.

"రెండు వినపడితే హ్యాండిల్ తిప్పు. అంతే," అని గ్లెన్ ముందుకొచ్చి ఆయనకు ఎదురుగా చెప్పాడు.

"నాకు చెప్తున్నావా ఇది?" అన్నాడు వాసిల్. "గోకిన రెట్ట వాసన ఇంకా నా గోళ్లలో ఉంది. కానీయ్."

గ్లెన్ వెనక్కి వచ్చి సైగ చేస్తే చెట్ తన టోపీ తీసి అద్దానికి తగిలించాడు. వాసిల్ అది పట్టించుకోలేదు. నిటారుగా నిలబడి, బండిని కదిలించే హ్యాండిల్ మీద చేయి వేసి, ఎదురుగా పట్టాలు చూస్తున్నాడు.

గ్లెన్ తాడు రెండుసార్లు లాగాడు. షెడ్డు కప్పు మీది పావురాలు లేచిపోయాయి.

వాసిల్ కదల్లేదు.

గ్లెన్ మళ్లీ లాగాడు. కొంచెం ఆగి మూడోసారి లాగాడు, బలంగా. చెట్ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

"ఎప్పుడు మొదలుపెడతావయ్యా గ్లెన్?" అన్నాడు వాసిల్, వెనక్కి తిరగకుండానే. "చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి."

వెనక నుంచి పలికినా ప్రయోజనం లేదు. గ్లెన్ ముందుకు నడిచి వెళ్లి ఆయన భుజం తట్టాడు. ఆయన తిరిగాడు. గ్లెన్ ముఖం, చెట్ ముఖం, టోపీ వేలాడుతున్న అద్దం, ఒక్కొక్కటే చూశాడు.

"కొట్టావా?"

"మూడుసార్లు, వాస్."

ఆయన టోపీ తీసి చెట్ చేతిలో పెట్టాడు. అద్దంలో నేను కనిపించి ఉంటాను. అటే చూస్తూ అడిగాడు.

"నీకు ఎన్నాళ్ల నుంచి తెలుసు?"

రెండు వేళ్లు చూపించాను. అంత దూరం నుంచీ, అంత చిన్న అద్దంలోనూ, ఆయనకు అవి బాగానే కనపడ్డాయి.

"ఒక్కసారి కూడా చెప్పాలనిపించలేదా?"

"మీకు తెలుసనుకున్నా," అన్నాను. చెట్ ఆ మాట ఆయనకు దగ్గరగా, పెదవులు కనపడేలా మళ్లీ చెప్పాడు.

"నాకు వినపడేది," అన్నాడు వాసిల్. "ప్రతిసారీ వినపడేది." చివరి మాట చాలా మెల్లగా అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడో ఆయనకు తెలిసి ఉండదు.

హ్యాండిల్ ఊడదీసి, దానిమీది తేమను చొక్కా అంచుతో తుడిచి, గ్లెన్‌కు ఇచ్చి దిగిపోయాడు.

చెవి మిషను పెట్టుకుని డాక్టరు పరీక్ష నెగ్గితే మళ్లీ రావచ్చని గ్లెన్ ఉత్తరం రాశాడు. చెట్ వెంటపడి కొనిపించాడు కూడా. అది పెట్టుకుంటే మోటారు రొద తప్ప ఇంకేమీ వినపడటం లేదని, వాసిల్ దాన్ని వంటింటి సొరుగులో పడేశాడని చెట్ తర్వాత చెప్పాడు. నన్ను ఒక ఏడాది పక్కన పెట్టారు. ఆ ఏడాదంతా షెడ్డులో తుప్పు గోకాను, రంగు వేశాను. వాసిల్ రాలేదు. చక్రాలు కొట్టే సుత్తి ఆయన తగిలించిన మేకుకే ఉండిపోయింది. ఇప్పుడు చక్రాలకు యంత్రం పెట్టి చూస్తున్నారు.

మిసెస్ ఓల్‌షెస్కీ ఇంటికి తిరిగి వెళ్లలేదు. జనవరి నుంచి ఆవిడ రాత్రి గౌన్లు వృద్ధాశ్రమంలో మా లాండ్రీకి వస్తున్నాయి, మెడ దగ్గర ఎర్రదారంతో పేరు కుట్టి. మిగతా వాళ్లవి మడిచినట్టే మడుస్తాను. ఒక్కసారి పైకి ఆవిడ గది దాకా వెళ్లి, తలుపు దగ్గర నిలబడి వచ్చేశాను.

ఆ ఏడాది ముగిశాక వచ్చిన వసంతంలో మళ్లీ కండక్టరుగా ఎక్కాను. జూన్ మూడో ఆదివారం, ఊరి స్టాపులో జనంతో పాటు వాసిల్ ఎక్కాడు. ఆదివారం కోటు వేసుకున్నాడు. టికెట్ డబ్బులు నా చేతిలో పెట్టి, ముఖం వైపు చూడకుండా లోపలికి వెళ్లి ఎడమ వైపు మూడో సీట్లో కూర్చున్నాడు. డ్రైవరు చెట్. ఆయన అద్దం చూడడు. చూడాల్సిన అవసరం లేదు. దారి పొడవునా నేను తాడు లాగిన ప్రతిసారీ, గంట మోగిన ప్రతిసారీ, వాసిల్ టోపీ వెనక వైపునే చూశాను. అది కదల్లేదు.

చెట్ల దగ్గర అందరూ దిగాక చివరన లేచాడు. పక్కన పెట్టిన ఏడాదంతా ఆయనతో ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. ఆయన నా పక్కకు వచ్చి, కమ్మీ పట్టుకుని, ఒక కాలు కింది మెట్టు మీద పెట్టి ఆగాడు. తల తిప్పి నా వైపు చూశాడు. ముఖం వైపు కాదు. నా చేతులు రెండూ కిందికే ఉన్నాయో లేదో చూసుకున్నాడు. అప్పుడు రెండో కాలు నేల మీద పెట్టాడు.